బ్యాంకుల పేరిట దొంగలేఖలు

బ్యాంకు పేరిట వచ్చిన ప్రతి ఈమెయిలును బ్యాంకు లేఖ కాజాలదు. "మీ కేవైసీ గడువు తీరినది, నేటి సాయంకాలములోగా ఈ లింకును నొక్కి వివరములు నింపనిచో ఖాతా స్తంభింపజేయబడును" అని వ్రాసి, పైన బ్యాంకు ముద్రను నిలిపి వంచకులు పంపుచున్నారు. పంపినవారి పేరును ఎవరైనను ఇచ్చవచ్చినట్లు వ్రాసికొనవచ్చును. ముద్రను నకలు చేయుట క్షణకాలపు పని. కావున ఈ రెంటిని నమ్మరాదు. తొందరపెట్టుట, భయపెట్టుట, రహస్యము నడుగుట: ఈ మూడును దొంగలేఖ లక్షణములు. పాస్‌వర్డును, పిన్నును, ఓటీపీని ఏ బ్యాంకును లేఖమూలమున నడుగదు.

రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిలు 22వ తేదీన నొక మేలైన యుత్తరువు నిచ్చెను. అక్టోబరు 31వ తేదీలోగా బ్యాంకులు తమ వెబ్‌సైట్ల చిరునామాలను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అను తుదిపేరునకు మార్చుకొనవలెనని శాసించెను. ఆ పేరును నమోదు చేయు నధికారము హైదరాబాదునందలి ఐ.డి.ఆర్.బి.టి. సంస్థ కొక్కదానికే యొసగబడినది. అయినను చదువరులు జాగ్రత్తగా జూడవలయును. 'బ్యాంక్' అను మాటకు ముందు చుక్కయే యుండవలెను గాని అడ్డగీత యుండరాదు. 'ఇన్' తరువాత మరియొక చుక్కయు మాటయు వచ్చినచో నది మోసమే. పైకి కనబడు చిరునామా యొకటి, నొక్కినపుడు చేరు చోటు మరియొకటి కావచ్చును. అందుచే లింకును నొక్కక, చిరునామాను స్వహస్తముతో వ్రాసికొనుటయే క్షేమము.

ఇందు ఖాతాదారుని బాధ్యత స్వల్పము కాదు. రహస్యమును తానే తెలిపి మోసపోయినచో, బ్యాంకునకు ఫిర్యాదు చేయువరకు కలిగిన నష్టమంతయు నతడే భరింపవలెనని 2017 జులై 6వ తేదీ రిజర్వు బ్యాంకు ఉత్తరువు నిర్ణయించెను. పంట యమ్మిన సొమ్ము ఒక్క గడియలో పోయినను అదియే న్యాయమట!

ఇది యేకపక్ష న్యాయమని మా యభిప్రాయము. అప్పులను, కార్డులను ప్రకటించుచు "ఇచ్చట నొక్కుడు" అని లేఖలు పంపి, ప్రజలకు లింకులు నొక్కు నలవాటును నేర్పినది బ్యాంకులే గదా! హెచ్చరికలనైనను తరచుగా ఆంగ్లముననే పంపుచున్నారు. తెలుగువాని సొమ్మును దాచుకొను బ్యాంకు తెలుగున హెచ్చరింపజాలదా? బ్యాంకులు తమ లేఖలలో లింకులు పెట్టుట మానవలయును. హెచ్చరికలు మాతృభాషలో నీయవలయును. అటుపిమ్మటనే ప్రజల యజాగ్రత్తను నిందించుట యుక్తము.

అంతదనుక మన జాగ్రత్తయే మనకు రక్ష. మోసపోయినవారు సిగ్గుపడి దాచక, తత్‌క్షణమే బ్యాంకునకును, 1930 నంబరునకును తెలుపవలయును. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారుచుండును.