బ్లాకు లేని స్లైడుతో పరీక్ష వద్దు

భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ గారికి,

మైక్రోస్కోపే జీవనాధారమైన ఒక పాథాలజిస్టు రాస్తున్న లేఖ ఇది.

కణజాలం బొమ్మలను ఇప్పుడు కృత్రిమ మేధ తయారుచేస్తోంది. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో బృందం ప్రతిపాదించిన గాన్ పద్ధతి నుంచి నేటి డిఫ్యూజన్ మోడళ్ల దాకా వచ్చేసరికి ముదురు నీలి కేంద్రకాలు, గులాబీ కణద్రవ్యంతో అచ్చం హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేసిన స్లైడులాగే ఉంటున్నాయి. నేను వీటికి వ్యతిరేకిని కాను. అరుదైన కణితుల స్లైడులు ఏ ఆసుపత్రిలోనైనా కొద్దిగానే దొరుకుతాయి. రోగుల గోప్యతా కాపాడాలి. కాబట్టి స్లైడులు చదివే సాఫ్ట్‌వేర్ శిక్షణకు, విద్యార్థుల సాధనకు ఇవి పనికొస్తాయి.

నా భయమంతా ఆ సాఫ్ట్‌వేర్‌ను ఈ బొమ్మలతోనే పరీక్షించడం గురించే. రొమ్ము క్యాన్సర్‌కు గ్రేడు వేసేటప్పుడు విభజన చెందుతున్న కణాలను లెక్కపెడతాం. ముడుచుకుపోయి చనిపోతున్న కణం ఒక్కోసారి అలాగే కనిపించి మోసం చేస్తుంది. అనుమానమొస్తే రోగి కణజాలాన్ని భద్రపరిచిన పారఫిన్ బ్లాకు బయటికి తీయించి, ఇంకాస్త లోతు నుంచి మరో సెక్షన్ కోయిస్తాం. అవసరమైతే ఇమ్యూనోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష చేయిస్తాం. యంత్రం గీసిన కణం మీద అనుమానమొస్తే తీయడానికి బ్లాకు లేదు, అడగడానికి రోగి లేరు.

ఇది ఊహించుకున్న భయం కాదు. ఎంఆర్ఐ చిత్రాలను ఒక రకం నుంచి మరో రకంలోకి మార్చే మోడళ్లు లేని కణితిని చేర్చగలవని, ఉన్నదాన్ని చెరిపేయగలవని 2018లోనే జోసెఫ్ పాల్ కోహెన్ బృందం చూపింది. పైగా, శిక్షణలో చూడనిదాన్ని ఏ మోడలూ నమ్మదగినట్టుగా గీయజాలదు. విదేశీ స్లైడులు నేర్చుకుని లక్ష బొమ్మలు గీసినా అవి మన రోగులకు ప్రాతినిధ్యం వహించవు.

అసలైన దారి మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, నిమ్స్ వైద్యుల కృషితో 367 మంది మెదడు కణితి రోగుల 547 స్లైడులు 2024లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి. ఇలాంటి సేకరణలకు ప్రతి రాష్ట్రంలోనూ నిధులివ్వండి.

ఆరోగ్యరంగంలో కృత్రిమ మేధపై 2023లో మీరిచ్చిన నైతిక మార్గదర్శకాల్లో మూడు నియమాలు స్పష్టంగా చేర్చండి. కృత్రిమ బొమ్మ ప్రతిదానికీ చెరగని గుర్తు ఉండాలి. శిక్షణలో వాటి వాటా ఎంతో తయారీదారులు బహిరంగంగా చెప్పాలి. సాఫ్ట్‌వేర్ పనితీరును మాత్రం వేర్వేరు భారతీయ ఆసుపత్రుల అసలు స్లైడుల మీదే తేల్చాలి.

గ్రేడు తప్పితే ఒకరికి అక్కర్లేని కీమో పడుతుంది, మరొకరికి అందాల్సింది అందదు. కృత్రిమ బొమ్మలతో పరీక్షించిన సాఫ్ట్‌వేర్లు మా ల్యాబుల్లోకి రాకముందే ఈ నియమాలు తెండి.

ఇట్లు,
ఒక పాథాలజిస్టు