బిడ్డ పోయిన ఇంట్లో చిన్న తగాదాలు



ఇంట్లో ఒక బిడ్డ చనిపోతే ఊరంతా వస్తుంది. బంధువులు వస్తారు, సంఘస్థులు వస్తారు, పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తారు. పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు. వారం పది రోజులకు అందరూ ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. ఇక ఇంట్లో మిగిలేది తల్లి, తండ్రి, అత్త, మామ, ఆడబిడ్డ. అప్పుడు మొదలవుతాయి మాటలు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఒకరు, బిందె నింపలేదని ఒకరు, బిడ్డ చొక్కా ఎవరికో ఇచ్చేశారని ఒకరు. చూసేవాళ్లకు "ఇంత దుఃఖంలో వీళ్లకు ఈ తగాదాలు ఏమిటి?" అనిపిస్తుంది. తగాదా పడినవాళ్లకు కూడా తరువాత సిగ్గు వేస్తుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు.

నేను పిల్లల వార్డులో చాలా ఏళ్లు పని చేశాను. అంతకన్నా ముందు నేనూ ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లినే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఊయల చీర

1996 జనవరిలో మా బాబు పదకొండు నెలల వయసులో న్యుమోనియాతో చనిపోయాడు. అప్పుడు మేము ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్లం. మూడో రోజు మా అత్త ఊయలకు కట్టిన చీర విప్పి, ఉతికి, తీగ మీద ఆరేసింది. నేను బయటికి వచ్చి చూశాను. ఆ చీరలో బాబు వాసన ఉండేది. నేను అరిచిన అరుపుకు వీధంతా వచ్చింది. "నీకేం తెలుసు, నీ కడుపున పుట్టినాడా?" అన్నాను. ఆమె కూడా ఊరుకోలేదు. "చలికాలంలో తలకు పోసినావు. ఇప్పుడు చీర కోసం ఏడుస్తావా?" అనింది.

ఆ తరువాత మూడు నెలలు మా ఇద్దరికీ సరిగా మాటలు లేవు. మాట్లాడితే తగాదాయే. స్టీలు గ్లాసు ఎక్కడ పెట్టావంటే తగాదా, పొయ్యి ఎందుకు ఆరిందంటే తగాదా.

ఇప్పుడు ఆలోచిస్తే అసలు సంగతి చీర కాదు, గ్లాసు కాదు. జ్వరం వచ్చిన రోజే ఆసుపత్రికి పోదామంటే ఆమె నాటుమందు పోయించి రెండు రోజులు ఆపింది. నా మనసులో ఉన్నది అదే. బాబుకు నేను తలస్నానం చేయించాను. ఆమె మనసులో ఉన్నది అదే. "బిడ్డ ఎవరి వల్ల పోయాడు?" అనే ఒక్క ప్రశ్న మా ఇద్దరి మధ్య ఉంది. దాన్ని నోటితో అడగడానికి ఇద్దరికీ భయం. అందుకే గ్లాసు మీద, పొయ్యి మీద కొట్లాడుకున్నాం.

నా అభిప్రాయం ఇది. బిడ్డ పోయిన ఇంట్లో చిన్న తగాదాలు వాటంతట అవి ఆగవు. వాటి అడుగున ఉన్న ఆ ప్రశ్నకు తెలిసినవాళ్ల చేత, అందరి ముందు, జవాబు చెప్పించాలి. మిగిలిన చిన్న విషయాలను ఆ రోజే తేల్చుకోవలసిన పని లేదు.

డాక్టరు దగ్గరకు మళ్లీ రండి

ఆ వేసవిలో మా ఆయన మా ఇద్దరినీ వెంటబెట్టుకుని, బాబును చూసిన డాక్టరుగారి దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి నిదానంగా చెప్పారు. న్యుమోనియా సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది, తలకు నీళ్లు పోసినందువల్ల రాదు అన్నారు. మా అత్త తల వంచుకుంది. నేను వెంటనే అడిగాను, "రెండు రోజులు ముందు వచ్చి ఉంటే బ్రతికేవాడా సార్?" అని. ఆయన అబద్ధం చెప్పలేదు. "బ్రతికి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అది నేను చెప్పలేను. కానీ మనవడిని కాపాడుకోవాలనే ఆమె ఆ మందు పోసింది, తనకు తెలిసింది చేసింది" అన్నారు. మా అత్త ఆ గదిలోనే కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ రోజుతో మా మధ్య అన్నీ చక్కబడ్డాయని చెప్పను. కానీ గ్లాసు మీద తగాదా మాత్రం ఆగింది.

కాబట్టి బిడ్డను పోగొట్టుకున్న కుటుంబాలకు నా మొదటి మనవి ఇది. నెల, రెండు నెలల తరువాత మళ్లీ ఆసుపత్రికి రండి. తల్లి ఒక్కతే కాదు, భర్త, అత్త, మామ అందరూ కలిసి రండి. చీటీలు, రిపోర్టులు తీసుకురండి. ఏమి జరిగింది, ఎందుకు జరిగింది అని అడగండి. అలా అడగడం మీ హక్కు. డాక్టర్లకు, నర్సులకు కూడా నా మనవి: అలా వచ్చినవాళ్లకు పది నిమిషాలు కేటాయించండి.

ఇదే సందర్భంలో ఒక ఆరోగ్య విషయం కూడా చెప్పాలి. రెండు నెలలు నిండి ఏడాది లోపు ఉన్న బిడ్డ నిమిషానికి 50 సార్లు గాని అంతకన్నా ఎక్కువ గాని ఊపిరి తీస్తున్నా, ఏడాది నుంచి ఐదేళ్ల బిడ్డ 40 సార్లు గాని అంతకన్నా ఎక్కువ గాని తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా ఒక్క పూట కూడా ఆగవద్దు. రెండు నెలల లోపు పసిబిడ్డకు ఏ తేడా కనిపించినా వెంటనే తీసుకురండి.

సుగ్గికి పోయిన ఇళ్లలో

మన కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం మండలాలలో ఈ నింద ఇంకొక విధంగా వస్తుంది. వానలు లేక, పనులు లేక ఎన్నో కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, బెంగళూరుకు కట్టడం పనులకు పోతారు. బిడ్డను అవ్వ దగ్గర వదిలిపోతే, ఏమైనా జరిగినప్పుడు "మీ అమ్మ సరిగా చూడలేదు" అంటారు. వెంట తీసుకుపోతే "ఆ ఎండలో, ఆ డేరాలో పడేసి చంపుకున్నావు" అంటారు. ఏ దారిలో పోయినా తల్లికి నింద తప్పదు. వెళ్లినవాళ్లూ కూటి కోసమే వెళ్లారు, ఉన్నవాళ్లూ చాతనైనంత చూశారు. కరువు చేసిన దానికి ఇంట్లో మనిషిని దోషిగా నిలబెట్టకండి.

నయోమి మాట, రూతు మౌనం

బైబిలులో రూతు కథ మనకు తెలిసినదే. నయోమి భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకుంది. రూతు భర్తను పోగొట్టుకుంది. ఇద్దరూ బేత్లెహేముకు వచ్చినప్పుడు నయోమి ఊరి స్త్రీలతో, తన పేరు ఇక మారా అని, నిండుగా వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చానని చెప్పింది. ఆ మాట అన్నప్పుడు ఆమె వెంట వచ్చిన రూతు ఉంది కదా! అన్నీ వదులుకుని వచ్చిన కోడలికి ఆ మాట ఎలా తగిలి ఉంటుంది? "నేను లెక్కలో లేనా?" అని రూతు అడగవచ్చు. అడిగినట్లు రాయబడలేదు. ఆమె యవల పొలంలో పరిగె ఏరడానికి వెళ్లింది. నయోమి మాటలోని చేదు తన మీద కాదని ఆమెకు తెలిసి ఉంటుందని నా నమ్మకం.

అయితే ఈ కథ చెప్పి కోడలిని మాత్రమే ఓర్చుకోమనడం న్యాయం కాదు. మన సంఘాలలో "సర్దుకుపోమ్మా" అనే మాట కోడలికే చెబుతాం. అత్తకు ఎవరు చెబుతారు? కొడుకుకు ఎవరు చెబుతారు? అందుకే ఒక్కొక్కరికి ఒక మాట చెబుతాను.

కోడలికి: ప్రతి మాటకూ జవాబు చెప్పనవసరం లేదు. "అత్తా, ఈ రోజు నాతో కాదు. ఈ మాట తరువాత మాట్లాడుకుందాం" అని పక్కకు వెళ్లండి. అది ఓడిపోవడం కాదు. మీ అత్త కూడా ఒక మనవడినో మనవరాలినో పోగొట్టుకుందని, తన కొడుకు ఏడుపును కళ్లారా చూస్తోందని గుర్తుంచుకోండి.

అత్తకు: బిడ్డ బట్టలు, ఊయల, ఆటవస్తువులు తల్లిని అడగకుండా తీయకండి. మంచి ఉద్దేశంతో చేసినా అది ఆమెకు రెండోసారి బిడ్డ పోయినట్లే. పాలిచ్చే బిడ్డ పోతే తల్లికి పాలు ఆగవు, రొమ్ములు గట్టిపడి నొప్పి పుడతాయి. గుడ్డతో బిగించి కట్టమని బలవంతం చేయకండి. చల్లని తడిగుడ్డ వేసి, నొప్పి తగ్గేంత మటుకు కొద్దిగా పాలు పిండుకుంటే చాలు. ఎర్రబడినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి తీసుకురండి.

భర్తకు: తల్లి మాట భార్యకు, భార్య మాట తల్లికి మోయకండి. "ఆడవాళ్ల గొడవ" అని బయటికి వెళ్లిపోకండి. మధ్యలో నిలబడవలసినవాడు మీరే. మీరు వారానికే పనికి వెళ్తే మీకు బాధ లేదని భార్య అనుకోవచ్చు. దుఃఖం కాసేపు ముంచేస్తుంది, కాసేపు పనిలోకి నెడుతుంది. ఇద్దరికీ ఒకే సమయంలో ఒకేలా రాదు. ఆ మాట ఆమెతో నోరు తెరచి చెప్పండి.

చిన్నవి కానివి

ఓర్చుకోవలసినవి వేరు, ఓర్చుకోకూడనివి వేరు. ఈ తేడా తెలియాలి.

"ఇంకొక బిడ్డను కను, అన్నీ మరచిపోతావు" అనే ఒత్తిడి చిన్న విషయం కాదు. ఒక బిడ్డకు ఇంకొక బిడ్డ బదులు కాదు. కాన్పు తరువాత మళ్లీ గర్భం కోసం కనీసం 24 నెలలు ఆగడం తల్లికీ, పుట్టబోయే బిడ్డకూ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఎప్పుడు అనేది భార్యాభర్తలు డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

ఆపరేషన్ అయిన తల్లిని దెప్పడం అంతకన్నా క్రూరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయి ఉంది. తరచుగా ఆ నిర్ణయం ఇంటివాళ్లంతా కలిసి చేసినదే. తరువాత బిడ్డ పోతే ఆ భారం ఆమె ఒక్కదాని నెత్తిన వేయకూడదు.

"బిడ్డను మింగింది" అని పిలవడం, అన్నం పెట్టకపోవడం, చెయ్యి చేసుకోవడం, పుట్టింటికి తరిమేయడం తగాదాలు కావు, హింస. 2005 గృహహింస చట్టం ఇలాంటి స్త్రీకి రక్షణ ఇస్తుంది. 181 నంబరుకు ఫోన్ చేయవచ్చు. సంఘ పెద్దలు ఇలాంటివాటిని "ఇంటి విషయం" అని వదిలేయకూడదు.

దుఃఖం రోగంగా మారడం కూడా ఉంది. మిషనరీ విలియం కేరీ గారి ఐదేళ్ల కుమారుడు పీటర్ 1794లో బెంగాల్‌లో చనిపోయాడు. ఆ తరువాత తల్లి డొరొతీ మనసు చెదిరిపోయింది. 1807లో చనిపోయేవరకు ఆమె కోలుకోలేదు. ఆ రోజుల్లో ఆమెకు చేయగలిగిన వైద్యం లేదు. ఇప్పుడు ఉంది. ఆరు నెలలు దాటినా తల్లి గాని తండ్రి గాని అవ్వ గాని తినలేక, నిద్రపోలేక, పని చేయలేక అదే తలపులో ఉండిపోతే డాక్టరుకు చూపించండి. చనిపోవాలనే మాట నోట వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. 14416 టెలీ మానస్ నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరి మాట

బాబు పోయిన చాలా ఏళ్లకు, ఒక సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే మా అత్త పక్కకు వచ్చి కూర్చుంది. ఉన్నట్టుండి, "వాడు ఉంటే ఈ ఏడు పదో తరగతి రాసేవాడు గదా" అనింది. నేను తలెత్తి చూశాను. ఇంట్లో ఇంకెవరూ ఆ లెక్క పెట్టుకోలేదు. నేను ఒక్కదాన్నే పెట్టుకున్నాననుకున్నాను, ఆమె కూడా పెట్టుకుంది. చీర సంగతి ఆ రోజు అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఇంట్లో ఆ చీర కంటపడుతుంటే ఆమె ఓర్వలేక ఉతికి ఉంటుందని అప్పటికి నాకు అర్థమైంది.

మీ ఇంట్లో ఈ రోజు మీతో తగాదా పడుతున్న మనిషి కూడా అదే లెక్క పెట్టుకుంటూ ఉండవచ్చు. ఆమెకు కొంచెం సమయం ఇవ్వండి, మీకు కూడా ఇచ్చుకోండి. దేవుడు మిమ్మల్ని ఆదరించును గాక.