జెనీవాలో ఒక బల్ల, ఢిల్లీలో నాలుగు గదులు

వరంగల్ జిల్లాలోని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో చేరినవాళ్లు 8,040 మంది. వాళ్లలో నూటికి 22 మందికి పైగా ప్రాణాలతో ఇంటికి వెళ్లలేదు. 1999, 2000 నాటి కేస్‌షీట్లు తిరగేస్తే, ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం రెండింటి వల్లేనని తేలింది. ఒకటి ఎండోసల్ఫాన్, రెండోది మోనోక్రోటోఫాస్. 2005లో ప్రచురితమైన అధ్యయనంలోని లెక్కలివి. మోనోక్రోటోఫాస్‌కు పత్తి చేలల్లో అంత పొడుగు పేరు ఉండదు, ‘మోనో’ అంటే చాలు. రసాయనాల భద్రత కోసం అంతర్జాతీయ సంస్థల మధ్య సహకారం అనే పెద్ద మాట నేల మీద ఎక్కడిదాకా వస్తుందో కొలవడానికి ఈ ఒక్క డబ్బా సరిపోతుంది.

సహకారమే లేదనడానికి వీల్లేదు. 1992 రియో సదస్సు తర్వాత, 1995లో ఇందుకోసమే జెనీవా కేంద్రంగా ఒక ఉమ్మడి కార్యక్రమం మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐరాస పర్యావరణ కార్యక్రమం, ప్రపంచ బ్యాంకు సహా ఇప్పుడు తొమ్మిది సంస్థలు అందులో ఉన్నాయి. ఎవరి పని వారు చేసుకుంటూనే, ఒకరు చెప్పినదానికి మరొకరు అడ్డం చెప్పకుండా చూసుకోవడం దాని పని. వినడానికి చప్పగా ఉంటుంది గానీ తేలిక పని కాదు. ఒకే మందు వ్యవసాయ నిపుణుడికి దిగుబడిగా, డాక్టరుకు విషంగా, కార్మిక అధికారికి పిచికారీ కూలీ ఒంటి మీది తడిగా కనిపిస్తుంది. ముగ్గురి చేతా ఒకే మాట అనిపించడానికి ఏళ్లు పడుతుంది.

మోనో విషయంలో ఆ మాట వచ్చింది, ఆలస్యం లేకుండానే వచ్చింది. ఆరోగ్య సంస్థ దాన్ని తీవ్ర ప్రమాదకర తరగతిలో పెట్టింది. వ్యవసాయ, పర్యావరణ సంస్థలు కలిసి నడిపే రోటర్‌డామ్ ఒప్పందం జాబితాలోనూ అది చేరింది. ఆ జాబితా నిషేధం కాదు. ఈ సరుకు పంపవచ్చా అని దిగుమతి దేశాన్ని ముందే అడిగి, అవునంటేనే పంపాలన్న కట్టుబాటు, అంతే. మోనో మన దేశంలోనే తయారయ్యేది. సరిహద్దు దాటే సరుకుకు కాపలా కాసే ఒప్పందం ఇంట్లో తయారయ్యేదాన్ని ఏం చేయగలదు?

2005లో మన ప్రభుత్వం కూరగాయల మీద మోనో వాడొద్దంది. పత్తికి కొన్న డబ్బా వంగతోటకు వెళ్లకుండా ఆపేదెవరో చెప్పలేదు. 2009లో ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం భారత్‌లో మోనో వల్ల కలుగుతున్న హానిపై ప్రత్యేక సమీక్ష వెలువరించి, నిషేధం గురించి ఆలోచించమంది. 2013 జులై 16న బిహార్‌లోని గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో దొరికింది మోనోయే. ఇంత విషపూరితమైన మందులను వర్ధమాన దేశాల మార్కెట్ల నుంచి తీసేయాలని ఆ నెలలోనే ఆహార వ్యవసాయ సంస్థ మళ్లీ చెప్పింది. ఎక్కువగా అమ్ముడుపోయే 36 శాతం ద్రావణంపై కేంద్రం నిషేధ ఉత్తర్వు ఇచ్చింది 2023లో. అప్పుడు కూడా ఉన్న నిల్వలు అమ్ముకోవడానికి వ్యవధి ఇచ్చింది.

శ్రీలంక మోనోను ఆపింది 1995లో. తర్వాత ఎండోసల్ఫాన్‌తో మొదలుపెట్టి మరికొన్నింటినీ ఒక్కొక్కటిగా తీసేసింది. 2015 నాటికి అక్కడ ఆత్మహత్యలు 70 శాతం తగ్గాయని, సుమారు 93,000 ప్రాణాలు నిలిచాయని అంచనా. దిగుబడులు పడిపోయిన ఆనవాలు లేదు. క్షణికావేశంలో చేతికి అందేది ప్రాణం తీసేంతటిది కాకపోతే మనిషి బతుకుతాడు, ఆ గండం గడిచాక చాలామంది మళ్లీ ఆ పనికి పూనుకోరు. ఇందుకోసం శ్రీలంక కొత్త శాస్త్రమేమీ కనిపెట్టలేదు. అదే జెనీవా, అవే కాగితాలు. అక్కడి పురుగుమందుల రిజిస్ట్రార్ నిర్ణయాల్లో ఆసుపత్రి లెక్కలకు చోటు దొరికింది.

మన దగ్గర దొరకనిది అదే. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం ప్రకారం ఏ మందుకు అనుమతి ఇవ్వాలో తేల్చే కమిటీ వ్యవసాయ శాఖ కింద ఉంటుంది. తయారీ పరిశ్రమ బాగోగులు రసాయనాలు, ఎరువుల శాఖవి. స్టాక్‌హోమ్, బాసెల్ వంటి ఒప్పందాలు పర్యావరణ శాఖవి. విషం ఎక్కి వచ్చిన మనిషి మాత్రం ఆరోగ్య శాఖ మంచం మీద ఉంటాడు. కమిటీలో డ్రగ్స్ కంట్రోలర్‌కు ఒక కుర్చీ ఉన్న మాట నిజమే. కుర్చీ వేరు, వరంగల్ వార్డులోంచి నెలనెలా రావాల్సిన లెక్క వేరు. జెనీవాలో తొమ్మిది సంస్థలు సాధించుకున్న పొత్తు ఢిల్లీలో నాలుగు శాఖల మధ్య కుదరకపోతే, అక్కడినుంచి వచ్చే ప్రతి హెచ్చరికా ఏదో ఒక శాఖ ఫైలుగా మిగిలిపోతుంది.

2023లో బాన్‌లో జరిగిన రసాయనాల సదస్సులో దేశాలు కొత్త లక్ష్యం పెట్టుకున్నాయి. ప్రమాదాన్ని అదుపు చేయలేకపోయిన చోట, అందుబాటు ధరలో సురక్షితమైన ప్రత్యామ్నాయం ఉన్న చోట, అతి ప్రమాదకర పురుగుమందులను 2035కల్లా సాగు నుంచి తప్పించడానికి చర్యలు తీసుకోవాలట. దానికి చట్టబద్ధమైన కట్టుబాటు లేదు. రసాయనాల హాని తగ్గించడానికి 2002లో జోహన్నెస్‌బర్గ్‌లో పెట్టుకున్న 2020 గడువు ఎలా దాటిపోయిందో చూశాం. ప్రత్యామ్నాయం ఎక్కడుంది అని అడిగేవాళ్లకు ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల రైతుల జవాబు 2000ల తొలినాళ్ల నుంచే ఉంది. వేపగింజల కషాయంతో వాళ్లు పత్తి పండించి చూపించారు.

మోనో కథ ముగింపుకొచ్చింది, పారాక్వాట్ అనే గడ్డిమందు కథ నడుస్తోంది. ఐరోపా సమాఖ్యలో దాని అనుమతి 2007లోనే రద్దయింది. రోటర్‌డామ్ జాబితాలో ఒక రకం పారాక్వాట్ ద్రావణాన్ని చేర్చమని నిపుణుల సంఘం సిఫార్సు చేస్తే, అందరూ ఒప్పుకుంటేనే చేర్చాలన్న నియమం అడ్డు నిలిచింది. 2013లో కాదన్న దేశాల్లో మనదీ ఒకటి. ఆ అభ్యంతరం రాసి పంపేముందు ఏ జిల్లా ఆసుపత్రి కేస్‌షీట్లు తెప్పించి చూశారో పార్లమెంటులో ఎవరైనా అడగాలి.