చెట్టు పోయింది... ఫొటో మిగిలింది!

జపాన్‌లోని హొక్కైడో దీవి. అక్కడ కుస్షారో సరస్సు ఒడ్డున ఓ ముసలి చెట్టు. నీళ్లలో ముఖం చూసుకుంటున్నట్టు ముందుకు వంగి ఉండేది. ఇంగ్లండ్‌లో పుట్టిన మైకేల్ కెన్నా 2002లో దాన్ని ఫొటో తీశాడు. తర్వాతా మనసాగక మళ్లీ మళ్లీ వెళ్లి తీశాడు.

ఆ ఫొటోల్లో ఉన్నది చాలా తక్కువ. నలుచదరపు ఫ్రేము. మంచు, నీరు, ఆకాశం... అన్నీ తెల్లగా కలిసిపోయి ఉంటాయి. వాటి మధ్య నల్లటి కొమ్మలు. చెట్టు ఎటు వంగిందో అటువైపు ఖాళీ వదిలాడు. ఆ ఖాళీయే లేకపోతే చెట్టు గోడకు ఆనుకున్నట్టు ఉండేది!

రెండో రహస్యం రంగు. కెన్నా తీసేది ఫిలిం మీద, ప్రింటు వేసేది డార్క్‌రూమ్‌లో. ప్రింటుకు సెపియా టోనింగ్ చేస్తాడు. అంటే కాగితం మీది వెండిని సిల్వర్ సల్ఫైడ్‌గా మార్చడమన్నమాట. నలుపు కాస్తా లేత గోధుమరంగులోకి తిరుగుతుంది. గడ్డకట్టే చలిలో తీసిన బొమ్మ కూడా వెచ్చగా అనిపిస్తుంది. పైగా బొమ్మ త్వరగా వెలిసిపోదు.

ఫొటో నిలిచింది కానీ చెట్టు నిలవలేదు. 2009లో దాన్ని కొట్టేశారు. అదే దీవిలోని బియేలో మరో చెట్టుంది... కాదు, ఉండేది. ఆలోచనలో పడ్డట్టు ఓ పక్కకు ఒరిగిన పోప్లార్. పేరు 'తత్వవేత్త చెట్టు'. ఫొటోల కోసం వచ్చినవాళ్లు పొలంలోకి దిగి పైరు తొక్కేసేవారు. చెప్పి చెప్పి విసిగిపోయాడు రైతు. చెట్టూ ముసలిదైపోయింది. 2016 ఫిబ్రవరిలో తనే కూల్చేయించాడు. అందరూ మెచ్చుకోవడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది!

మీ ఊరి చెరువుగట్టు మీదా ఓ రావో, చింతో ఉండే ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున పొగమంచు పట్టినప్పుడు వెళ్లండి. కరెంటు తీగలు అడ్డొస్తే రెండడుగులు పక్కకు జరగండి. మంచును కెమెరా బూడిదరంగుగా చూపిస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక పాయింటు పెంచండి. నలుపుతెలుపు చేశాక గోధుమరంగు లేశమాత్రం కలిపితే చాలు. ఎక్కువైతే టీ ఒలికినట్టుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం... గట్టు దిగి పైరు తొక్కకండి. వచ్చే ఏడాదీ ఆ చెట్టు అక్కడే ఉండాలి కదా!