రొమ్ములో గడ్డ తేలితే... కోనసీమలో పరీక్ష నుంచి చికిత్స దాకా దారి ఎలా ఉంటుంది?

కోనసీమ పల్లెల్లో ఇంటికొచ్చిన ఏఎన్‌ఎం బీపీ, షుగర్ చూసి వెళ్లిపోయే రోజులు మారాయి. 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఇంటింటి సర్వేలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రశ్నలు కూడా చేరాయి. "రొమ్ములో గడ్డలాంటిదేమైనా తగులుతోందా అమ్మా?" అని ఆమె అడుగుతుంది. అరుగు మీద మామగారు పేపరు చదువుతుంటారు. పక్కనే కొడుకు ఫోన్ చూస్తుంటాడు. "అబ్బే, అలాంటిదేం లేదండీ" అని జవాబు వస్తుంది. రికార్డులో 'లేదు' అని పడుతుంది.

సర్వేలో ఎన్ని ఇళ్లు పూర్తయ్యాయో లెక్క తేలిగ్గానే వస్తుంది. తేలాల్సిన లెక్కలు వేరే ఉన్నాయి. 'లేదు' అన్నవాళ్లలో ఎందరిని నిజంగా పరీక్షించారు? 'ఉంది' అన్నవాళ్లలో ఎందరు బయాప్సీ దాకా వెళ్లారు? చికిత్స మొదలుపెట్టి మధ్యలో ఆపేసినవాళ్లు ఎందరు? అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో అమ్మో, అత్తో, అక్కో ఉండి, తాము హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తున్నవారికి ఈ ప్రశ్నలు ఇంటి ప్రశ్నలే.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఏడాది దాదాపు 1 లక్షా 92 వేల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సుమారు 98 వేల మంది చనిపోయారు. అమెరికాలో ఈ జబ్బు బయటపడ్డాక ఐదేళ్లు బతికేవారు 90 శాతం ఉంటే, మన దేశంలో 66 శాతమేనని 2018లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. తేడా జబ్బులో కంటే అది బయటపడే సమయంలోనే ఎక్కువ. ఇక్కడ సగానికి పైగా కేసులు గడ్డ ముదిరాకే ఆసుపత్రికి చేరుతున్నాయి.

మిషన్ లేకుండా పరీక్ష ఏమిటి?

కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలందరికీ ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలి. అది మామోగ్రామ్ కాదు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేత్తో తడిమి చూసే పరీక్ష. కాగితం మీద నియమం ఇలా ఉన్నా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతం. అంటే నూటికి ఒక్కరు కూడా లేరు.

"చేత్తో చూస్తే ఏం తెలుస్తుందండీ, మామోగ్రామ్ చేయించాలి గానీ" అని పట్నంలో ఉన్నవారు పెదవి విరుస్తారు. ఇందులో కొంత అపోహ ఉంది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌రే లాంటి మామోగ్రామ్‌లో గడ్డ సరిగా కనిపించదు. అందుకే 40 ఏళ్లలోపు వారికి సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. పైగా పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ క్యాన్సర్ దాదాపు పదేళ్లు ముందుగానే కనిపిస్తోంది.

చేతి పరీక్షకు ఆధారం కూడా ఉంది. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు లక్షన్నర మందికి పైగా మహిళలను 20 ఏళ్లు గమనించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్లకోసారి ఆరోగ్య కార్యకర్తలు చేతితో పరీక్షించిన బృందంలో గడ్డలు తొలి దశలోనే దొరికాయి. 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 లోపువారిలో మరణాల్లో తేడా రాలేదన్నది కూడా చెప్పాలి. తెలుగు నేలపై హైదరాబాద్‌కు చెందిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ 2012-16 మధ్య రెండు రాష్ట్రాల పల్లెల్లో ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున నడిపింది.

ఇక్కడో మెలిక ఉంది. ముంబయిలో పని చేసింది పరీక్షే గానీ, ప్రశ్న కాదు. గుమ్మం దగ్గర అడిగి రాసుకున్న 'లేదు' స్క్రీనింగ్ కింద లెక్కకు రాకూడదు. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో తలుపు వేసి, తెర కట్టి, మహిళా సిబ్బంది చూస్తేనే అది పరీక్ష. మీ అమ్మగారికి సర్వే అయిందని తెలిస్తే "అడిగారా, చూశారా?" అని ఒక్కమాట కనుక్కోండి. అడిగి వెళ్లిపోతే, ఊళ్లోని క్లినిక్‌కో పీహెచ్‌సీకో వెళ్లి పరీక్ష చేయమని అడగవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు.

మరి ఎవరికివారు చూసుకోవడం? షాంఘైలో 2 లక్షల 60 వేల మందికి పైగా మహిళలతో జరిగిన అధ్యయనం, నెలనెలా పద్ధతి ప్రకారం చూసుకోవడం వల్ల మరణాలు తగ్గలేదని 2002లో తేల్చింది. అలాగని వదిలేయమని కాదు. మామూలుగా తన రొమ్ము ఎలా ఉంటుందో తెలిసినవారే మార్పును ముందు పసిగడతారు. నొప్పి లేని గట్టి గడ్డ, చర్మం సొట్టపడటం లేదా నారింజ తొక్కలా మారడం, చనుమొన లోపలికి పోవడం, రక్తంతో కూడిన స్రావం, చంకలో గడ్డ కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే మన దగ్గర జరుగుతున్న పెద్ద పొరపాటు. నిజానికి చాలా గడ్డలు క్యాన్సర్ కావు. కానీ ఏది అవునో, ఏది కాదో పరీక్షే చెప్పాలి.

ముప్పు ఎవరికి?

ఆడవారిగా పుట్టడం, వయసు పెరగడం – ఈ రెండే అన్నిటికంటే పెద్ద కారణాలు. చిన్న వయసులో రజస్వల కావడం, ఆలస్యంగా ముట్లుడగడం, 30 దాటాక తొలి కాన్పు, పాలివ్వకపోవడం, ముట్లుడిగాక బరువు పెరగడం, మద్యం ముప్పును పెంచుతాయి. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చే జన్యు లోపాల వాటా 5 నుంచి 10 శాతమే. "మా వంశంలో ఎవరికీ లేదు" అన్న ధీమాకు అర్థం లేదు, ఎందుకంటే రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో ఎక్కువమంది ఇళ్లలో అంతకుముందు అది లేదు. తల్లికి, అక్కచెల్లెళ్లకు చిన్న వయసులో వచ్చి ఉంటే మాత్రం జన్యు పరీక్ష గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.

కోనసీమకు ప్రత్యేకమైన మరో గుంపు ఉంది. ఇంటిపనికి కువైట్, ఖతార్ వెళ్లిన మహిళలు. సర్వే వచ్చినప్పుడు వీరు ఊళ్లో ఉండరు. గల్ఫ్ మెడికల్ పాసయ్యాం కాబట్టి ఆరోగ్యం బాగున్నట్టేనని అనుకుంటారు. ఆ పరీక్ష ప్రధానంగా టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ లాంటి అంటువ్యాధుల కోసం. అందులో రొమ్ము పరీక్ష లేదు. సెలవు మీద వచ్చే ఆ రెండు నెలల్లో వీరిని వెతికి పట్టుకునే ఏర్పాటు సర్వేలో ఉండాలి.

గడ్డ తేలాక 60 రోజులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మూడు లక్ష్యాలు పెట్టింది. 60 శాతానికి పైగా కేసులు తొలి రెండు దశల్లో బయటపడాలి. లక్షణం చెప్పుకున్న 60 రోజుల్లో నిర్ధారణ పూర్తవ్వాలి. 80 శాతం మంది చికిత్స పూర్తి చేయాలి. ప్రతి జిల్లా ఈ మూడు అంకెలూ బయటపెడితే చాలు, ఎక్కడ పట్టు తప్పుతోందో తెలిసిపోతుంది.

మన దగ్గర ఆ 60 రోజులు ఎలా కరిగిపోతాయి? "సూది గుచ్చితే పాకుతుంది" అన్న భయంతో కొన్ని వారాలు. పసరు మందుతో కొన్ని. కూతురి పెళ్లి అయ్యాక చూద్దామని కొన్ని నెలలు. సూదితో ముక్క తీసే బయాప్సీ వల్ల క్యాన్సర్ పాకదు. ఆ ముక్క లేకుండా చికిత్స మొదలే కాదు. ముక్క పరీక్ష లేకుండానే గడ్డ కోసేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అది ఏ రకమో తెలియకుండా కోస్తే, తర్వాతి వైద్యం గందరగోళమవుతుంది.

బయాప్సీ రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్‌2 అని మూడు మాటలుంటాయి. మొదటి రెండూ పాజిటివ్ అయితే హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. హెర్‌2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్. బెంగళూరు కంపెనీ బయోకాన్ 2014లో దీనికి దేశీయ రూపం తెచ్చింది. మూడూ నెగెటివ్ అయితే కీమోపైనే ఎక్కువగా ఆధారపడాలి. ఈ మూడు మాటలు ఉన్న కాగితాన్ని ఫోటో తీసి దాచుకోండి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు అడిగేది అదే.

కరెంటు పెట్టించుకోవడానికి ఎంత దూరం?

ఆపరేషన్ అంటే రొమ్ము మొత్తం తీసేయడమేనన్న భయం ఇంకా ఉంది. గడ్డ చిన్నగా ఉంటే దాన్ని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా ప్రాణరక్షణలో తేడా లేదని దశాబ్దాల క్రితమే రుజువైంది. అయితే ఆ రేడియేషనే కోనసీమ వారికి సమస్య. జనం "కరెంటు పెట్టడం" అనే ఈ చికిత్సకు వరసగా రోజూ వెళ్లాలి. అమలాపురం నుంచి కాకినాడ, రాజమహేంద్రవరం ఒక్కొక్కటి 60 కిలోమీటర్లకు పైనే. టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ దగ్గర అగనంపూడిలో ఉంది. అది 200 కిలోమీటర్ల మాట. కోటిపల్లి-నర్సాపురం రైలు మార్గం ఏళ్ల తరబడి నిర్మాణంలోనే ఉంది కాబట్టి ఏటి వంతెనలు దాటి బస్సులోనో కారులోనో పోవాలి. రానుపోను ఖర్చు, తోడు వచ్చేవారి కూలి పోవడం లెక్కేసుకుని, "మొత్తం తీసేయండి డాక్టరు గారూ" అనే మహిళలు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు. అలా తీసేయించుకున్నా జబ్బు దశను బట్టి కొందరికి రేడియేషన్ తప్పదు.

ఇక్కడ అడగదగ్గ ప్రశ్న ఒకటుంది. ఒకప్పుడు ఐదు వారాలు ఇచ్చే రేడియేషన్‌ను ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో 15 సార్లతో ముగించవచ్చు. కొందరికి వారంలో ఐదు సార్లతో సరిపోతుందని బ్రిటన్ అధ్యయనం 2020లో చూపింది. "మా అమ్మకు తక్కువ రోజుల పద్ధతి కుదురుతుందా?" అని అడగడంలో తప్పు లేదు.

ఖర్చు విషయంలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉచితం. జబ్బు ఖాయమయ్యాకే కార్డు తీయాలని చాలామంది అనుకుంటారు. స్కానింగ్‌కు డబ్బు కట్టకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి, ఏవి పథకంలోకి వస్తాయో అడగాలి. 104కి ఫోన్ చేసినా సమాచారం చెబుతారు.

చికిత్స అయిపోయాక

చంకలో గ్రంథులు తీసినవారికి ఆ వైపు చెయ్యి వాచే ప్రమాదం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది. కొబ్బరి పీచు పని, కొబ్బరికాయల బరువులు ఎత్తే పని చేసేవారు ఒక్కసారిగా పాత పనిలోకి దిగకూడదు. ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామాలతో బలం పెంచుకుంటూ మెల్లగా మొదలుపెట్టాలి. ఆ చేతికి పీచు గీరుకున్నా, పొయ్యి దగ్గర కాలినా వెంటనే కడిగి మందు రాయాలి. ఎర్రబడి జ్వరం వస్తే డాక్టర్‌కు చూపించాలి.

హార్మోన్ మాత్రలు ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. టామోక్సిఫెన్ ఖరీదైనదేం కాదు. "బాగానే ఉన్నాను కదా" అని ఆపేయడమే దానితో వచ్చే చిక్కు. ఒంట్లో ఆవిర్లు వస్తాయి, చిరాకు ఉంటుంది, ఇంట్లోవాళ్లకు అది మందు ప్రభావమని తెలియదు. ముట్లుడిగాక ఈ మాత్ర వాడుతూ రక్తస్రావం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చెప్పాలి. మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టర్ పరీక్ష, ఏడాదికోసారి మామోగ్రామ్ ఉంటాయి. తిరిగి గల్ఫ్ వెళ్లే ఆలోచన ఉన్నవారు సరిపడా మాత్రలతో పాటు డాక్టర్ చీటీ, డిశ్చార్జి కాగితాలు వెంట ఉంచుకోవాలి.