అధికారము మాఱినను లాఠీ మాఱదా?

ప్రజలు వీథికెక్కి తమ కష్టమును చెప్పుకొనునపుడు ప్రభుత్వమునకు రెండు మార్గములు గలవు: వారి మాట వినుట, లేదా వారిపైకి పోలీసులను పంపుట. మొదటిది పరిపాలన, రెండవది పరిపాలనాలోపమును కప్పిపుచ్చుకొను యత్నము. గుంటూరు, ప్రకాశము జిల్లాల నూఱేండ్ల చరిత్ర చూచినచో, పాలకులకు రెండవ మార్గమే సులభముగా దోచుచున్నదని చెప్పక తప్పదు.

నాటి గుంటూరు జిల్లాలోని చీరాల-పేరాలలను మదరాసు ప్రభుత్వము పురపాలక సంఘముగా చేసి పన్నులు పెంచినపుడు, అది తమకు వలదని ప్రజలు విన్నవించుకొనిరి. స్థానిక స్వపరిపాలన శాఖ జస్టిస్ పార్టీ మంత్రి చేతిలోనే యున్నను ఆ విన్నపము చెల్లలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలాది జనులు ఇండ్లు విడిచి, రామనగరమను పేర ఊరి వెలుపల పాకలు వేసికొని, దాదాపు పదునొకండు నెలలు ఎండవానలకు ఓర్చిరి. ప్రభుత్వమిచ్చిన సమాధానము చెఱసాల. అది పరుల దొరతనమని సరిపెట్టుకొందము.

మన ఓట్లతో నిలిచిన ప్రభుత్వముల నడవడి వేఱుగా నుండవలదా? 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వెలువడిన పిమ్మట, రాజధానికై భూములిచ్చిన అమరావతి రైతులు దీక్షలకు గూర్చుండిరి. వారికెదురైనది చర్చ కాదు, 144వ సెక్షను. 2020 అక్టోబరులో కృష్ణాయపాలెము రైతులను చేతులకు బేడీలు వేసి జైలునకు తరలించిరి. అకారణముగా బేడీలు వేయుట రాజ్యాంగవిరుద్ధమని 1980లోనే సుప్రీంకోర్టు చెప్పియుండెను. తరువాత కొందఱు పోలీసులను సస్పెండు చేసిరి. కాని నాగలి పట్టిన చేతులకు గలిగిన ఆ అవమానము అంతటితో తీఱునా?

2022 డిసెంబరు 28న కందుకూరు సభలో ఎనమండుగురును, 2023 జనవరి 1న గుంటూరులో మువ్వురును తొక్కిసలాటలలో మరణించిరి. జాగ్రత్త అవసరమే. కాని మఱునాడే వెలువడిన మొదటి నంబరు జీవో, 1861 నాటి పోలీసు చట్టము నాధారము చేసికొని, రోడ్లపై సభలను దాదాపుగా నిషేధించెను. సభను క్రమబద్ధము చేయుట వేఱు, సభనే మాన్పుట వేఱు. హైకోర్టు 2023 మే 12న ఆ జీవోను కొట్టివేసినది.

ఇది ఒక పార్టీ దోషమే యనుకొనువారు విశాఖ విమానాశ్రయమును తలచుకొందురు గాక. 2017 జనవరి 26న ప్రత్యేకహోదా నిరసనకై వచ్చిన ప్రతిపక్షనాయకుడు జగన్మోహనరెడ్డిగారిని తెలుగుదేశము ప్రభుత్వపు పోలీసులు అచటినుండియే త్రిప్పిపంపిరి. 2020 ఫిబ్రవరి 27న ప్రతిపక్షనాయకుడు చంద్రబాబునాయుడుగారికి అదే తావున అదే మర్యాద జరిగినది. మరల ప్రభుత్వము మాఱినది. 2025 ఫిబ్రవరి 19న మిర్చి ధరలు పడిపోయిన వేళ జగన్మోహనరెడ్డిగారు గుంటూరు యార్డునకు రాగా, ఎన్నికల నియమావళి పేర కేసు నమోదైనది. నియమావళి అందఱకును శిరోధార్యమే. అయినను రైతునకు గావలసినది కేసు కాదు, ధర. ఆ నెలలోనే కేంద్రము క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున జోక్యపథకమును ప్రకటించినది. వినదలచినచో వినుటకు మార్గముండునని ఇందువలన తెలియుటలేదా?

ప్రతిపక్షమున నున్నపుడు సత్యాగ్రహమనిపించినది గద్దె నెక్కగనే శాంతిభంగమగుచున్నది. నాడు లాఠీదెబ్బలు తిన్నవారే నేడు లాఠీని చేతబట్టుచున్నారు. 2024 జూలై నుండి క్రొత్త సంహితలో 144వ సెక్షను 163 అయినది. సంఖ్య మాఱిన చాలదు, బుద్ధి మాఱవలెను.

దీనికి మందు లేకపోలేదు. పోలీసు అధిపతికి కనీసము రెండేండ్ల పదవీకాలము, పార్టీ ఒత్తిడి సోకని భద్రతాసంఘము, పోలీసులపై ఫిర్యాదులు విను ప్రాధికారసంస్థ ఉండవలెనని ప్రకాశ్ సింగ్ కేసున సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించినది. వీనిని అక్షరాలా నెఱవేర్తుమని ప్రతి పార్టీయు ఓట్లడుగుటకు ముందే వ్రాసి యీయవలెను.

ఉద్యమకారులకును ధర్మమున్నది. దుగ్గిరాలవారి రామదండు వంటి క్రమశిక్షణ గల సేవాదళము ప్రతి ఊరేగింపునకు వలయును. ఱాయి విసరినవాడు లాఠీకి సాకు నిచ్చినవాడే.

పత్తి, మిరప పండించు ఈ నేల వారు ప్రభుత్వమును దానమడుగుట లేదు. తమ మాట వినుమనుచున్నారు. పార్టీ జెండా రంగు చూచి రైతు కన్నీటిని తూచు ప్రభుత్వమును, అది ఏ పార్టీదైనను, ఓటరు మఱువకుండును గాక.