బండి ఆపుకోవడానికి ఇంత చోటు

మెట్టదారి – వారం వారం

సంక్రాంతికి ముందూ వెనకా మా చింతలపూడి మీదుగా కిందికి దిగే బళ్లలో ఈ మధ్య కొత్త రకం కనిపిస్తోంది. ట్రావెలర్ వ్యానులో సీట్లు తీయించేసి పరుపు, గ్యాస్ పొయ్యి, సింకు, చిన్న మరుగుదొడ్డి పెట్టించుకున్న బళ్లవి. సత్తుపల్లి వైపు నుంచి వస్తాయి. ఏలూరు మీదుగా కొల్లేరు చూసుకుని, కైకలూరు, భీమవరం దాటి పేరుపాలెం సముద్రం చేరాలని వాళ్ల ఆలోచన. టీకి ఆగినప్పుడు వాళ్లు అడిగేది ఒకటే: సముద్రం దగ్గర రాత్రికి డబ్బు కట్టకుండా బండి ఆపుకునే చోటు ఎక్కడుందండీ అని.

న్యాయమైన ప్రశ్నే. పడకా పొయ్యీ మరుగుదొడ్డీ తనతోనే తెచ్చుకున్నవాడికి లాడ్జి గదితో పనేముంది? ఇరవై అడుగుల గట్టి నేల, రాత్రి ఎవరూ వచ్చి తలుపు బాదరన్న భరోసా ఉంటే చాలు. నేలకేం కొదవ లేదు. మన తీరం పొడవు 974 కిలోమీటర్లని బడిలో చదువుకున్నాం. లేనిదల్లా ఆ భరోసా. దాన్ని తీరప్రాంత పంచాయతీలు ఇవ్వగలవు. నేల ఉచితంగా ఇచ్చి, నీళ్లకూ మురుగుకూ మాత్రం సొమ్ము పుచ్చుకుంటే ఊరికీ యాత్రికుడికీ కూడా మేలని నా నమ్మకం.

దారిపొడవునా మజిలీలు వెతుక్కుంటూ పోవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. సుమారు వంద మంది పరివారం, డేరాలు, పల్లకీలు. తిరుగు ప్రయాణం కలకత్తా నుంచి తూర్పు తీరం వెంట సాగింది. ఆయన కాశీయాత్ర చరిత్ర తెరిచి చూడండి. ఊళ్లో అంగళ్లున్నాయా, నీళ్లు మంచివేనా, దిగడానికి సత్రమో తోపో ఉందా, దారి ఎలాంటిది – మజిలీ తర్వాత మజిలీ ఈ వివరాలే. వెనక వచ్చేవాళ్లకు పనికొస్తాయని ఓపిగ్గా రాసుకుంటూ పోయారు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత వ్యానులో వచ్చినవాడు టీకొట్టు దగ్గర అడుగుతున్నవీ ఆ సంగతులే.

ఆ మాటకొస్తే మన కొల్లేటి జనం ఏటా చేసేదీ అదే. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు కుటుంబాలకు కుటుంబాలు సామానుతో సహా తరలివెళతాయి. ఒకప్పుడు గూడుబళ్లు, పడవలు. ఇప్పుడు ట్రాక్టర్లు, ఆటోలు. గుడి చుట్టుపక్కల పొయ్యిలు పెట్టుకుని వండుకుని, పట్టాలు పరుచుకుని పడుకుంటారు. అక్కడ రాత్రి ఎవరూ ఎవర్నీ ఎందుకాగావని అడగరు. జాతర రోజులు కాబట్టి ఊరంతా వాళ్లు వస్తారని ఎదురు చూస్తూనే ఉంటుంది.

జాతర కాని రోజున, ఊరికి తెలియని బండి, చీకటిపడ్డాక ఆగితే పరిస్థితి వేరు. కైకలూరు దాటి దక్షిణానికి వెళ్లినకొద్దీ రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులు, రొయ్యల చెరువులు. పగలు చూస్తే గట్టు వెడల్పుగా, శుభ్రంగా, ఎదురుగా నీళ్లతో, బండి ఆపుకోవడానికి ఇంతకంటే మంచి చోటుండదనిపిస్తుంది. కానీ ఆ నీళ్లలో రైతు అప్పు చేసి పోసిన పెట్టుబడి ఉంది. మేత బస్తాలు పోతాయి, మోటార్ల వైర్లు పోతాయి, రాత్రికి రాత్రి వల వేసి సరుకు ఎత్తుకుపోయేవాళ్లుంటారు. పగబట్టి మందు కలిపే దుర్మార్గం కూడా లేకపోలేదు. అందుకే గట్టు మీద ఒక పాక, పాకలో ఒక కాపలా మనిషి, ఆయన చేతిలో పెద్ద టార్చి, పక్కన కుక్క.

అటువంటి గట్టు మీద రాత్రి పదకొండింటికి ఒక వ్యాను లైట్లార్పి నిలబడితే ఆయన ఏమనుకోవాలి? టార్చి వెలుగు ముందు నంబరు ప్లేటు మీద పడుతుంది, తర్వాత అద్దంలోంచి ముఖాల మీద. "ఎవరండీ? ఇక్కడెందుకు ఆపారు?" లోపల పిల్లలు నిద్రలేచి ఏడుస్తారు. సాయంత్రం అయిదింటికే వచ్చి, "బాబాయ్, ఈ రాత్రికి ఇక్కడ ఆపుకుంటాం, పొద్దున్నే వెళ్లిపోతాం, మీకేమైనా ఇబ్బందా?" అని అడిగి ఉంటే, గట్టు మీద కాదు గానీ ఊళ్లో రచ్చబండ దగ్గరో, బడి పక్క ఖాళీ స్థలంలోనో ఆపుకోమని ఆయనే దగ్గరుండి చూపిస్తాడు. గోదావరి జిల్లాల మర్యాద అది. పొద్దుండగా చేరాలి, దిగి మనిషిని పలకరించాలి, పడుకునే ముందు ఊళ్లో ఒకరికైనా మన సంగతి తెలియాలి. తీరప్రాంతంలో ఉచితంగా రాత్రి గడపాలనుకునేవాడికి నేను చెప్పగలిగిన మొదటి జాగ్రత్త ఇదే. చెరువుల మధ్య పడుకుంటే తెల్లవార్లూ ఏరియేటర్ల మోత, దోమల దాడి ఎలాగూ తప్పవు. ఆ లెక్కన ఊరి మధ్య నిద్రే మేలు.

ఇసక మీదికి బండి తీసుకెళ్లాలన్న కోరికను మాత్రం ఎంత బతిమాలినా ఒప్పుకోను. 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటన ఇసక దిబ్బలనూ, మడ అడవులనూ, తాబేళ్లు గుడ్లుపెట్టే చోట్లనూ అత్యంత సున్నితమైన తరగతిలో పెట్టింది. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా, అంటే వ్యానులు తిరిగే చల్లని రోజుల్లోనే. అవి రాత్రిపూట ఒడ్డుకు పాకి వచ్చి, గుంట తవ్వి, గుడ్లుపెట్టి తిరిగి వెళతాయి. దాదాపు యాభై రోజులకు పిల్లలు బయటికొచ్చి, సముద్రం మీద మెరిసే వెలుతురును చూసుకుంటూ నీళ్లలోకి పరుగుతీస్తాయి. ఒడ్డున వ్యాను లైటు వెలుగుతుంటే అటే తిరుగుతాయి, తెల్లారేసరికి కాకులకూ కుక్కలకూ దొరికిపోతాయి. సరుగుడు తోటకు ఇవతల, రోడ్డు పక్క ఆపుకుంటే అలల చప్పుడు అక్కడికీ వినిపిస్తుంది.

కొల్లేరు సంగతి ఇంకా ఖచ్చితం. 1999లో అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. అభయారణ్యంలో రాత్రి బసకు అటవీశాఖ అనుమతి కావాలి, నిప్పు రాజేయడం నేరం. ఆటపాక దగ్గర ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల్ని పగలంతా చూడండి, చీకటిపడేలోగా కైకలూరు వెళ్లిపోండి.

ఇక నీళ్లు. వ్యాను ట్యాంకులో వంద లీటర్లు పడతాయనుకుందాం. నలుగురు మనుషులకు పొదుపుగా వాడితే రెండు రోజులు. అయిపోగానే ఊళ్లో కుళాయి దగ్గర పైపు పెట్టడం చాలామందికి సహజంగా తోస్తుంది. మా మెట్టలో అయితే పామాయిల్ తోటలో బోరు ఆడుతుంటే రైతు కాదనడు. అదే వ్యాను తీరానికి వెళ్లేసరికి లెక్క మారిపోతుంది. అక్కడ చాలా ఊళ్లలో బోరు వేస్తే ఉప్పునీళ్లే. సముద్రం ఒకవైపు నుంచి, రొయ్యల చెరువులు ఇంకోవైపు నుంచి భూమిలోకి ఉప్పును నెట్టాయి. తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటారు. కూలికి వెళ్లే ఆడమనిషి డబ్బిచ్చి తెచ్చుకునే నీళ్లని మనం ఉచితంగా అడిగి గిన్నెలు కడుక్కోవడం అన్యాయం. నేల ఉచితంగా ఇవ్వమనే నేను నీళ్లకు ధర పెట్టాలని అంటున్నది ఇందుకే.

నీళ్లకంటే పెద్ద సమస్య మరుగుదొడ్డి. ఈ బళ్లలో దొడ్డి కింద ఇరవై లీటర్ల లోపు పట్టే ఒక పెట్టె ఉంటుంది. క్యాసెట్ అంటారు. రెండు మూడు రోజులకు నిండిపోతుంది. దాన్ని ఎక్కడ ఖాళీ చేస్తున్నారని అడిగితే చాలామంది మాట దాటేస్తారు. కాలవలో పోసినవాళ్లున్నారు. ఆ నీళ్లు ఎటు పోతాయో మా చింతలపూడి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా మండలంలో నాగిరెడ్డిగూడెం దగ్గర ఆనకట్ట దాటిన తమ్మిలేరు ఏలూరు చేరి, కొల్లేట్లో కలుస్తుంది. కొల్లేరు నిండితే ఉప్పుటేరు. ఉప్పుటేరు పోయేది సముద్రంలోకి. మెట్టలో పారబోసినది ఏ ఊరి చేపలోకో, ఏ పిల్లవాడి స్నానంలోకో చేరి తీరుతుంది.

న్యూజిలాండ్ వాళ్లు ఈ తగాదా మనకంటే ముందే పడ్డారు. 2011లో అక్కడ ఉచిత క్యాంపింగు మీద ఒక చట్టం చేశారు. ఎక్కడ ఆపుకోవచ్చో, ఎక్కడ కూడదో నిర్ణయించుకునే అధికారం స్థానిక సంస్థలకు ఇచ్చారు. అయినా ఒడ్డున మలమూత్రాల గొడవ తీరక 2023లో నిబంధనలు బిగించారు. బండిలో కదలకుండా బిగించిన మరుగుదొడ్డి ఉండాలి, తనిఖీ చేయించి ఆకుపచ్చ పత్రం అతికించుకోవాలి. అప్పుడే ఆ బండి అన్నీ తనలోనే ఉన్న బండి కింద లెక్క. మన దేశంలో కేరళ 2021లో కేరవాన్ పర్యాటకం మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాది వాగమణ్‌లో తొలి కేరవాన్ పార్కు తెరిచారు. బాగుంది. అయితే అది రిసార్టు పద్ధతి, రిసార్టు ఖర్చు. మన రాష్ట్రంలోనూ ఇలాంటి పార్కుల మాట వినిపిస్తోంది. అవి వస్తే రానివ్వండి. సొంత వ్యానులో ముసలి తల్లిదండ్రుల్ని, పిల్లల్ని ఎక్కించుకుని వచ్చే మధ్యతరగతి మనిషికి కావలసింది మాత్రం అంత పెద్ద ఏర్పాటు కాదు.

ఆ మనిషికి ఇప్పటికైతే ఉన్న దారులు కొన్నే. జాతీయ రహదారి మీద పెద్ద పెట్రోలు బంకులు మంచివి: లారీ డ్రైవర్ల కోసం దొడ్లు, స్నానపు గదులు, రాత్రంతా వెలుతురు ఉంటాయి. డీజిలు కొట్టించుకుని, మేనేజరును అడిగి, లారీలకు అడ్డం కాకుండా ఒక మూల ఆపుకోవచ్చు. రోడ్డు అంచున మాత్రం వద్దు. 16వ నంబరు రహదారి అయినా, కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా తీరం వెంట పోయే 216 అయినా అంతే. ఆగి ఉన్న బండిని వెనక నుంచి లారీ గుద్దిన వార్త పత్రికలో రాని నెల లేదు. మోటారు వాహనాల చట్టం 122వ సెక్షను కూడా ప్రమాదకరంగా బండి నిలపడాన్ని నేరమంటుంది. పుణ్యక్షేత్రాల పార్కింగు స్థలాల్లో దేవస్థానం వాళ్లు ఒప్పుకుంటే రాత్రికి ఇబ్బంది ఉండదు.

ఇవన్నీ సర్దుబాట్లు. నేను కోరేది ఒక ఏర్పాటు, దానికి పునాది తీరంలో ఇప్పటికే వేసి ఉంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత, మళ్లీ 1996 నవంబరు 6 కోనసీమ తుఫాను తర్వాత, తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. ఎత్తయిన చోటు, కాంక్రీటు కట్టడం, బండి చేరే రోడ్డు, చుట్టూ ఆవరణ. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజుల్లో అవి ప్రాణాలు కాపాడతాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కూడా జనాన్ని ముందే పునరావాస కేంద్రాలకు తరలించారు. మిగిలిన రోజుల్లో ఈ షెల్టర్లలో చాలా వాటికి తాళం. కొన్నింటి గోడల మీద మర్రి మొలకలు, తలుపుల్లేని దొడ్లు. వాడని కట్టడం పాడవుతుంది, తీరా అవసరమైన రోజున పనికిరాదు. డిసెంబరు ఆఖరు నుంచి మార్చి దాకా, తుఫాన్ల బెడద తక్కువగా ఉండే ఆ మూడు నెలలు, షెల్టరు ఆవరణలో అయిదారు వ్యానులు ఆపుకోనిస్తే దొడ్లకు తలుపులొస్తాయి, దీపం వెలుగుతుంది, ఊళ్లో ఒకరికి పని దొరుకుతుంది.

క్యాసెట్ల మురుగుకూ దారి ఉంది. నరసాపురం మున్సిపాలిటీలో మలవ్యర్థాల శుద్ధి కేంద్రం కట్టారు. సెప్టిక్ ట్యాంకులు తోడే లారీలు సరుకు తెచ్చి పోసేది అటువంటి చోటే. షెల్టరు ఆవరణలో మూతపెట్టిన చిన్న సెప్టిక్ ట్యాంకు కట్టి, నిండినప్పుడు ఆ లారీని పిలిస్తే సరిపోతుంది. కోట్ల రూపాయల పని కాదిది.

పేరుపాలెం లాంటి చోట మొదలుపెట్టవచ్చు. కార్తీకమాసం ఆదివారాల్లో వేలమంది వచ్చినా అక్కడ పోలీసులు, పంచాయతీ, ఈతగాళ్లు చూసుకుంటూనే ఉన్నారు. అయిదారు వ్యానులు వాళ్లకు బరువు కావు. జనవరి 26 గ్రామసభలో తీర్మానం పెట్టాలని తీరప్రాంత సర్పంచులను కోరుతున్నాను. తీర్మానంలో ఉండాల్సినవి కొన్నే: ఆవరణ సర్వే నంబరు, ఒకసారికి ఆరు బళ్లకు మించకూడదన్న హద్దు, రెండు రాత్రుల గడువు. నేలకు రుసుము లేదు. వంద లీటర్ల నీళ్లకూ, క్యాసెట్ ఖాళీ చేసినందుకూ కలిపి నూటయాభై రూపాయలు, రసీదుతో, పంచాయతీ ఖాతాకు. బిగించిన మరుగుదొడ్డి లేని బండికి ప్రవేశం లేదు. తుఫాను హెచ్చరిక వస్తే గంటలో ఖాళీ చేయాలి. వీటన్నిటినీ తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో రాసిన బోర్డు ఒకటి, దాని కింద కాపలా మనిషి ఫోను నంబరు.